మెత్త చెప్పుల బ్లాగు

సెప్టెంబర్ 4, 2023, సోమవారం

ఈ నోట్‌బుక్ తెలుగులోనే రాస్తాను. అబ్బాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఇర్షాద్ భయ్యాకు ఫోన్ తప్ప ఇంకేదీ చదివే ఓపిక లేదు. పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. ఇంట్లో ఎవరూ తెరిచి చూడని భాష ఒకటి నాకు ఉండడం మంచిదే అయింది. ఇంట్లో మాట్లాడుకునేది మా ఉర్దూలో, ఇక్కడికి వచ్చేసరికి తెలుగు అవుతుంది.

ఇవాళ షాపుకు ఒక్క మనిషి రాలేదు. శనివారం కూడా రాలేదు.

షుగర్ వల్ల పాదాలు మొద్దుబారిన వాళ్ళకు అబ్బా కొలత తీసుకుని మెత్త చెప్పులు కుడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పక్క గల్లీలో ఉన్న ముసలి డాక్టర్ చీటీ రాసి పంపేవాడు, వాళ్ళు నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎండాకాలంలో ఆయన ప్రాక్టీసు మానేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. చీటీలు ఆగిపోయాయి. మా షాపు కరీంనగర్‌లో, టవర్ సర్కిల్ వెనక గల్లీలో, లోపలికి. వెతుక్కుంటూ వచ్చే వాళ్ళకే కనిపిస్తుంది.

రాత్రి అన్నం దగ్గర భయ్యా అన్నాడు: "అబ్బా, గీ దుకాణం మీద నాకేం కోపం లేదు. మనుషులే రాకుంటే నడిపేదెట్ల? రంజాన్ మొదలయ్యేదాకా సూద్దాం. గప్పటికి గిట్లనే ఉంటే షట్టర్ నాకియ్యున్రి. మొబైల్ దుకాణం రెండోది ఆడ పెడ్త."

అబ్బా తల ఊపాడు. అంతే.

సెప్టెంబర్ 6

చెప్పులు కొనే గిరాకీని నేనే అనుకుని ఫోన్లో వెతికాను. 'కరీంనగర్ షుగర్ పేషెంట్ చెప్పులు' అని కొట్టాను. హైదరాబాద్ షాపులు, ఆన్‌లైన్ కంపెనీలు, ఒక నూనె ప్రకటన వచ్చాయి. మూడు పేజీలు చూసినా మేం లేం.

అబ్బా పేరుతో వెతికితే ముష్తాక్ చికెన్ సెంటర్ వచ్చింది. నవ్వు వచ్చింది. అబ్బాకు చెప్పలేదు.

సెప్టెంబర్ 9

మా గల్లీ మూల మీది పళ్ళ డాక్టరుకు ఒక వెబ్‌సైట్ ఉంది. అందులో నలభై వ్యాసాలు. 'పన్ను పీకిన రోజు ఏం తినాలి', 'జ్ఞానదంతం నొస్తే ఏం చేయాలి'. రోగులతో ఊపిరాడని మనిషి ఇవన్నీ ఎందుకు రాస్తున్నాడా అనుకునేదాన్ని. ఇవాళ అర్థమైంది. పన్ను నొప్పితో ఉన్నవాడికి డాక్టర్ పేరు తెలియదు, నొప్పి గురించే తెలుసు. వాడు ఫోన్‌ను అడిగేది నొప్పి గురించి. జవాబు ఎవరు రాసి పెట్టుకుంటే వాళ్ళ గడపకు వస్తాడు. బోర్డు గల్లీలో నడిచేవాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది. మా గల్లీలో నడిచేవాళ్ళు ఎందరని?

నేనూ బ్లాగు పెడతాను.

సెప్టెంబర్ 12

మొదటి పోస్టు. 'ముష్తాక్ పాదరక్షలు: రెండు దశాబ్దాల ఘన వారసత్వం, నాణ్యతే మా ప్రాణం.' రెండు పేజీలు వచ్చింది. బయటికి చదువుకున్నాను. బాగుంది. చాలా బాగుంది.

సెప్టెంబర్ 13

చూసినవాళ్ళు ఇద్దరు.

సెప్టెంబర్ 14

నలుగురు. అందులో ముగ్గురు నేనే, ఒకటి అబ్బా ఫోన్లో.

సెప్టెంబర్ 15

ఇక లెక్క చూడను. మొక్క నాటి రోజూ వేర్లు పీకి చూస్తారా?

సాయంత్రం: నలుగురే.

అక్టోబర్ 3

ఐదు పోస్టులు అయ్యాయి. 'పాదాల ఆరోగ్య ప్రాముఖ్యత' అని కూడా ఒకటి రాశాను. భయ్యా ఫోన్లో చూసి, "గిది ఎవలు సదువుతరు సాదియా? పరీక్షల రాసినట్టుంది" అన్నాడు. అన్నా నాకేం పట్టదు.

అక్టోబర్ 11

ఇవాళ ఇద్దరు వచ్చారు. హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి భూమవ్వ అనే పెద్దావిడ, ఆమె బిడ్డ వినోద. పొద్దున బస్టాండులో దిగి పన్నెండు దాకా మెత్త చెప్పుల కోసం తిరిగారట. చివరికి ఎవరో ఆటో అతను మా గల్లీ చూపించాడు.

అబ్బా కాగితం పరిచి భూమవ్వ పాదం పెట్టించి పెన్సిల్‌తో గీత గీస్తుంటే, ఆమె అన్నది: "సేటు, నా కాలుకు సోయే లేదయ్యా. చెప్పు ఎప్పుడూడిపోయిందో ఎరుకుండది. ఒట్టి కాలుతోనే నడుసుకుంట ఇంటికొస్త. బిడ్డ సూసి మొత్తుకుంటది."

నేను వినోదను అడిగాను, ఫోన్లో వెతకలేదా అని.

"వెతికిన అక్కా. నాకు టైపు కొట్టుడు రాదు. మైకు ఒత్తి అడిగిన. మా అవ్వ కాలుకు సోయి లేదు, చెప్పు ఊడిపోతుంది, ఏం జెయ్యాలె అని. ఏమేమో వచ్చినయి గని ఈ దుకాణం మాత్రం రాలే."

"నేను బ్లాగు రాశాను వినోదా. పాదాల ఆరోగ్య ప్రాముఖ్యత అని."

"అంటే ఏందక్కా?" అంది.

నిజమే. కాలు బాగాలేనివాళ్ళు ఎవరూ ప్రాముఖ్యత అని అడగరు.

అక్టోబర్ 13

వచ్చిన వాళ్ళు ఎలా అడుగుతారో అలాగే రాసుకుంటున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా. పాత గిరాకీలకు ఫోన్ చేసి మొదట్లో ఏమని వెతుక్కుంటూ వచ్చారో కూడా అడుగుతున్నాను. ఇరవై ఆరు ప్రశ్నలు పోగయ్యాయి. ఒక్కో ప్రశ్న ఒక్కో పోస్టు. జవాబులు అబ్బా చెప్తాడు, నేను రాస్తాను.

'కాలుకు సోయి లేదు, చెప్పు ఊడిపోతుంది. ఏం చెయ్యాలి?' ఇది మొదటిది. పాత ఐదు పోస్టులూ తీసేశాను. ఘన వారసత్వం కూడా.

నవంబర్ 2

జమ్మికుంట నుంచి ఫోన్! "మీరు ఫోన్ల రాసింది సూసిన, చెప్పులు మీరే కుడ్తరా?" అని అడిగాడు ఒకాయన. అబ్బాకు ఇచ్చాను ఫోన్.

ఒక్కరు. అయినా ఒక్కరు వచ్చారంటే దారి పడినట్టే.

నవంబర్ 8

ఆ ఒక్కరే. రంజాన్ మార్చిలో.

భయ్యా దోస్తు ఫైజల్ షాపుకు వచ్చాడు. వెతికితే మొదటి పేజీలో వచ్చేలా చేయడమే అతని పని. "అక్కా, నువ్వు నెలకు నాలుగు రాస్తే ఎన్నేండ్లు పడ్తది? నెల రోజులు ఉచితంగ చేసి చూపిస్త. పాస్‌వర్డ్ ఇయ్యి, ఇంక ఫికర్ చెయ్యకు."

ఇచ్చాను. ఉచితమే కదా.

నవంబర్ 19

ఫైజల్ పదిహేను పోస్టులు పెట్టాడు. కొన్ని ఎక్కడెక్కడివో ఎత్తి తెచ్చినవే, భాషను బట్టే తెలుస్తుంది. ఒకదాని పేరు 'ఈ చెప్పులు తొడగండి, పదిహేను రోజుల్లో పుండు మాయం'.

ఫోన్ చేశాను. "గట్ల రాస్తేనే వెతికెటోళ్ళు ఒత్తుతరక్కా. అందరు గిట్లనే రాస్తరు" అన్నాడు.

అందరూ అలాగే రాస్తారు. కొంచెం ఎక్కువ చెప్పడమే. ఉండనీ.

నవంబర్ 24

చూసినవాళ్ళు రెండు వందల పది! మొదటి పేజీలో కింది నుంచి రెండోది మాది! భయ్యాకు చూపించాను. "ఆఁ, ఇది ముచ్చట" అన్నాడు. అబ్బా ఏ పోస్టు చూస్తున్నారని అడిగాడు. అన్నీ అని చెప్పాను.

నవంబర్ 30

పోలింగ్. షాపు బంద్. రెండు వందల అరవై.

డిసెంబర్ 5

రాయాలి. లేకపోతే రేపటికి నేను దీన్ని ఇంకోలా చెప్పుకుంటాను.

పదకొండు గంటలకు ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. లింగమూర్తి, రామవ్వ. ఇచ్చోడ పక్క పల్లె, పత్తి రైతులు. చీకటితో బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చారు. ఆయన కుడి కాలికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది. కుర్చీలో కూర్చుని నవ్వుతూ ఫోన్ నా ముందు పెట్టాడు.

"గీ చెప్పులే కావాలె బిడ్డా. పదిహేను రోజుల్ల మానుతదని రాసిన్రు."

అబ్బా కింద కూర్చుని గుడ్డ విప్పాడు. వాసన నాదాకా వచ్చింది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ నలుపు. అబ్బా పక్కన వేలితో ఒత్తాడు.

"నొస్తుందా అన్నా?"

"లేదు సేటు. ఏం తెలుస్తలేదు. గందుకే పెద్దగ ఫికర్ చెయ్యలే."

అబ్బా లేచి చేతులు కడుక్కున్నాడు. "చెప్పులు చెయ్య" అన్నాడు.

"గదేంది? గింత దూరం వచ్చినం. ఫోన్ల మీరే రాసిన్రు గద!"

రామవ్వ నా వైపు తిరిగింది. "మా ఊరి డాక్టరు ఎప్పుడో దవాఖానకు పొమ్మన్నడు బిడ్డా. ఈయన కాలు కోస్తరని భయపడ్డడు. గా యాల్లనే నీ ఫోన్ల ముచ్చట కనబడ్డది. ఇగ దవాఖాన ఎందుకు, పత్తి ఏరుడైనంక చెప్పులకు పోదాం తియ్యన్నడు. పది దినాలాయె."

అబ్బా నన్ను చూశాడు. "ఎవరు రాసిన్రు?"

"ఫైజల్" అన్నాను. నిజమే. ఫైజలే రాశాడు.

"దుకాణం పేరు ఎవరిది?" అన్నాడు అబ్బా.

షట్టర్ దించి ఆటో పిలిచాడు. లింగమూర్తి రానని మొండికేశాడు. అబ్బా ఆయన ముందు నిలబడి, "అన్నా, నీ కాలు ఎట్లుందో నాకెరుక. గిట్లాంటి కాలు నా ఇంట్లనే చూసిన. నువ్వు రాకుంటే నేనీడ నుంచి కదల" అన్నాడు. రామవ్వ ఏడుస్తూ భర్త చెయ్యి పట్టుకుని లేపింది. పెద్ద దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చూసి వెంటనే చేర్చుకుంది.

డిసెంబర్ 6

బొటనవేలు తీసేశారు. పాదం నిలిచింది. ఇంకో రెండు రోజులు ఆగితే మోకాలి కింద దాకా పోయేదని డాక్టరమ్మ చెప్పింది.

పది రోజులు. ఆ పది రోజులు నేను లెక్కలు చూసి సంబరపడ్డాను.

డిసెంబర్ 7

ఫైజల్ పోస్టులు పదిహేనూ తీసేశాను. పాస్‌వర్డ్ మార్చాను. ఫైజల్ ఫోన్ చేసి అరిచాడు: "పాగల్ అయినవా అక్కా? పైకి వచ్చిన పేజీని ఎవరన్న చంపుకుంటరా?" నేనూ అరిచాను. అరిచాక హాయిగా అనిపించింది.

డిసెంబర్ 9

మొదటి పేజీలో లేం. చూసినవాళ్ళు పదకొండు మంది. భయ్యా చూసి ఫోన్ తిరిగి ఇచ్చాడు. రంజాన్‌కు మూడు నెలలు.

డిసెంబర్ 10

అమ్మీ గురించి రాయనని అనుకున్నాను. ఇక్కడ కూడా.

అమ్మీకి షుగర్. అప్పట్లో అబ్బా మామూలు చెప్పులు కుట్టేవాడు, పెళ్ళిళ్ళకు జరీ చెప్పులు కూడా. అమ్మీ వేసుకున్నవి అబ్బా కుట్టినవే. లోపల ఒక మేకు పైకి తేలింది. మూడు రోజులు ఆ మేకు మీదే నడిచింది. తెలియలేదు. నాలుగో రోజు నేల మీద రక్తపు మరకలు చూసింది నేను. నాకు పదకొండేళ్ళు. ముందు వేలు, తర్వాత పాదం, తర్వాత కాలు. ఏడాది తిరగకుండా అమ్మీ.

అబ్బా ఆ తర్వాత ఒక్క మేకు కూడా వాడలేదు. జిగురు, దారం, మెత్త రబ్బరు, అంతే. ఎందుకని గిరాకీలు ఎవరు అడిగినా నవ్వి ఊరుకుంటాడు.

ఇదంతా రాశాను. పేరు పెట్టాను: 'కాలికి పుండు ఉంటే మా దుకాణానికి రాకండి'. ముందు దవాఖానకు పోవాలని, పుండును ఏ చెప్పూ మాన్పదని, మాన్పుతామని ఒకసారి మా పేజీలోనే పడిందని, దాన్ని నమ్మి ఒకాయన పది రోజులు ఆగాడని, ఆ తప్పు మాదని రాశాను. పడుకునే ముందు పాదం కింద అద్దం పెట్టి చూసుకోవాలి, చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి, వేడినీళ్ళు పాదంతో కాదు మోచేత్తో చూసుకోవాలి. పుండు మానిందని డాక్టర్ చెప్పాక రండి, అప్పుడు కొలత తీసుకుంటాం.

ఉర్దూలో అబ్బాకు చదివి వినిపించాను. అబ్బా ఇంకోసారి చదవమన్నాడు. ఆ తర్వాత, "పేరు రాయలేదేంది? కుబ్రా బేగం అని రాయ్" అన్నాడు.

రాశాను.

డిసెంబర్ 28

ముప్పై ఇద్దరు. లెక్క చూస్తున్నాను, చూడడం లేదని అబద్ధం రాసుకోవడం మానేశాను.

వారానికి రెండు పోస్టులు. ఎత్తి తెచ్చింది ఒక్క వాక్యం లేదు.

జనవరి 17, 2024

లింగమూర్తికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ షాపుకు వచ్చింది! ఆయన పుండు మానిందని చెప్పడానికే కాదు. దవాఖానలో కట్టు కట్టే నర్సు మా పోస్టును రోగుల ఇంటివాళ్ళకు పంపుతోందట. "చెప్పులు అమ్మేవాళ్ళు రావద్దని రాయడం నేను చూడలేదమ్మా. నేను పాదాల జాగ్రత్తల మీద ఒక పేజీ నడుపుతాను. అందులో మీది పెట్టుకోవచ్చా?" అంది.

పెట్టుకోవచ్చా అని అడుగుతోంది!

జనవరి 29

డాక్టరమ్మ పేజీ నుంచి వస్తున్నారు. అది చూసి నిర్మల్‌లో ఒక డాక్టర్, ఒక వార్తల వెబ్‌సైట్ కూడా మా పోస్టుకు లింకు ఇచ్చారు. జనం నమ్మేవాళ్ళు మనల్ని చూపిస్తే వెతికిపెట్టే యంత్రం కూడా మనల్ని నమ్ముతుందని ఎక్కడో చదివాను. యంత్రమైనా మనిషైనా అడిగేది అదే, నీ గురించి నువ్వు కాదు, ఇంకెవరు చెప్తారు అని.

మూడు వందల నలభై. ఒక్క రోజులో.

ఫిబ్రవరి 8

మొదటిది! పేజీలో అన్నింటికన్నా పైన! నా ఫోన్ నాకు అబద్ధం చెప్తుందేమోనని వినోదకు ఫోన్ చేసి, మైకు ఒత్తి అడగమన్నాను. అవతల ఆమె అడగడం వినిపించింది, "కాలుకు సోయి లేదు, ఏం జెయ్యాలె" అని. ఒక్క క్షణం ఆగి అరిచింది: "అక్కా! మీదే! అవ్వా, గిటు రా, మన సేటు దుకాణమే ముందుగాల వచ్చింది!"

వెనక నుంచి భూమవ్వ గొంతు: "మరి రాదా? నేను ఆడ్నే కొనుకుంటి గద!"

ఫిబ్రవరి 14

నిన్న లింగమూర్తి వచ్చాడు, డాక్టరమ్మ రాసిన కాగితంతో. అబ్బా ఆయన పాదం కింద కాగితం పరిచి గీత గీశాడు. వేలు లేని చోట పెన్సిల్ లోపలికి తిరిగింది. ఆ ఖాళీలోకి మెత్తది నింపి కుట్టాలి, లేకపోతే మిగతా వేళ్ళు వంగుతాయి. వాళ్ళు రాత్రి మా ఇంట్లోనే ఉన్నారు. రెండో రోజుకు చెప్పులు తయారు.

తొడుక్కుని గల్లీ చివరి దాకా పోయి వచ్చాడు. మళ్ళీ పోయాడు. రామవ్వ, "ఇగ చాలు తియ్, బస్సు పోతది" అంది.

నేను క్షమించమని అడిగాను. డిసెంబర్ నుంచి అడగాలనుకుంటున్నది.

"నువ్వు రాసిందానికే వస్తిని, మీ బాపు చెప్పిందానికే బతికితిని. ఇగ దాంట్ల ఏమున్నది బిడ్డా" అన్నాడు. ఆగి, "మా దిక్కు నా అసొంటోళ్ళు మస్తు మంది ఉన్నరు. అందరు గింత దూరం రాలేరు. మీరే ఒక్కసారి రాన్రి" అన్నాడు.

ఫిబ్రవరి 26

బెంచీ చాలక పక్క దుకాణం నుంచి రెండు కుర్చీలు అడిగి తెచ్చాను. సాయంత్రం ఇర్షాద్ భయ్యా వచ్చాడు. వరుసలో కూర్చున్న వాళ్ళను చూశాడు, వాళ్ళ చెప్పులు బయట సర్దాడు. ఊరికే నిలబడలేక.

అందరూ పోయాక అబ్బాతో అన్నాడు: "రెండో దుకాణం వేరే తాన చూసుకుంట. గీ షట్టర్ జోలికి రాను."

అబ్బా తల ఊపాడు. ఈసారి నవ్వుతూ.

భయ్యా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సాదియా, జర మా మొబైల్ దుకాణంకు గూడ గిట్ల రాసి పెడ్తవా?"

"ముందు నీ దగ్గరికి వచ్చినోళ్ళు ఏమడుగుతరో రాసుకో. అన్నీ వాళ్ళ మాటల్లోనే. నెల తర్వాత రా" అన్నాను.

అక్టోబర్‌లో నా పోస్టు పరీక్షలో రాసినట్టు ఉందన్నాడు కదా. నాకేం పట్టలేదని రాసుకున్నాను. పట్టింది. ఇవాళ వదిలింది.

మార్చి 3, ఆదివారం

ఇచ్చోడ. తిరుగు బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

లింగమూర్తి పంచాయతీ ఆఫీసు పక్క గది అడిగి పెట్టాడు. మేం చేరేసరికి జనం నిండిపోయి ఉన్నారు. కొందరు బయట గోడ నీడన. అబ్బా నేరుగా చాప పరిచి కూర్చున్నాడు. నేను కాగితాల కట్ట విప్పుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాను.

గది మధ్యలో ఒక ఆశా వర్కర్, మమతారాణి, ఫోన్ ఎత్తి పట్టుకుని గట్టిగా చదువుతోంది. "చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. మా అమ్మ కుబ్రా బేగం మూడు రోజులు మేకు మీద నడిచింది, ఆమెకు తెలియలేదు." అందరూ వింటున్నారు. ఒక ముసలాయన అప్పుడే తన చెప్పు విడిచి లోపల వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. అది చూసి పక్కాయన. ఆయన పక్కన ఇంకొకావిడ.

కట్ట విప్పడం ఆపేసి నేనూ విన్నాను.

మమతారాణి నన్ను చూసింది. "ఏం నిలబడ్డవమ్మా, కూసో. ఫోన్ ఉంటే ఇది నువ్వు గూడ పెట్టుకో, మీ ఇంట్ల పెద్దోళ్ళకు సదివి వినిపియ్యి. కరీంనగర్ల ఎవలో రాసిండ్రు. ఎరుకున్నోళ్ళు రాసిండ్రు."

"అట్లనా" అన్నాను.

లింగమూర్తి నోరు తెరవబోయాడు. వద్దని చెయ్యి ఊపాను. ఇంకాసేపు అలాగే వినాలనిపించింది.

ఐదు దాకా కొలతలు తీసుకున్నాం. ఇరవై ఒక్క మంది, నలభై ఒక్క కాళ్ళు. ముగ్గురికి పుండ్లు కనబడ్డాయి, వాళ్ళకు కొలత తీసుకోలేదు. మమతారాణి వాళ్ళను రేపే దవాఖానకు తీసుకుపోతానంది. వాళ్ళల్లో ఒకావిడ అలిగి, నాకెందుకు చెయ్యరని అబ్బాను నిలదీసింది. మమతారాణి ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టి, "గిండ్ల రాసున్నది సూడు, పుండుంటే రావద్దని! దుకాణపోళ్ళే రాసుకున్నరు!" అని ఆమెతో దెబ్బలాడింది, తానే రాసినంత గట్టిగా.

అబ్బా పక్క సీట్లో నిద్రపోతున్నాడు. ఒళ్ళో కాగితాల కట్ట. బస్సు నిర్మల్ దాటింది. ఇంతలోనే మళ్ళీ ఫోన్ వచ్చింది, ఎవరో ఉట్నూరు నుంచి, మా దిక్కు ఎప్పుడొస్తరని.